కోళ్ళగూటికి కొట్టిన నంబరు

"పేరు చెప్పు," అన్నాడు వేడ్. "ఆ పిల్ల పేరొక్కటి చెప్పు, చాలు."

నోరీన్ తలెత్తలేదు. తల్లి వేసుకోవలసిన నల్ల గౌను బల్ల మీద పరిచి, ఇస్త్రీ అయిపోయిన చోటే మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది.

"నీ పక్క కుర్చీలోనే కూర్చుంటుందిగా. మన నాన్న చిక్కుడు పాదుల్లో పడి ఉంటే అంబులెన్సుని గట్టు అవతలికి తోలింది. దాని పేరు నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"చెప్పను."

వేడ్ నవ్వాడు. అన్నాచెల్లెళ్ళు చిన్నప్పుడు కొట్టుకోబోయే ముందు నవ్వే నవ్వు అది. తెల్లచొక్కా మెడ దగ్గర గుండీ పట్టక, తండ్రి టై చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు.

"చూశావా అమ్మా? నీ కూతురు కౌంటీ మనిషైపోయింది."

ఓపల్ గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు మాటకు తల తిప్పింది. భర్త పోయిన రోజు నుంచి ఆమె కావలసినంత మేరకే మాట్లాడుతోంది. కాఫీ వద్దు. ఆ దుప్పటి మడతపెట్టండి. ఆయన బూట్లు పాదుల్లోనే ఉండనివ్వండి, ఎవరూ ముట్టుకోకండి. అంతే.

పొయ్యి దగ్గర పక్కింటి హెట్టీ ఉడికిన గుడ్లు సగానికి కోసి, పచ్చసొనలో ఆవపిండి కలుపుతోంది. స్లేట్ ఫోర్క్‌లో ఎవరు పోయినా ఈ గుడ్ల పళ్ళెం హెట్టీదే.

"దాన్నేమనకు వేడ్," అంది హెట్టీ. "ఉద్యోగం వాళ్ళిచ్చారు. ఎవరి ఉప్పు తింటే వాళ్ళ పాట పాడాలి కదా."

"పిన్నీ, నీ పని గుడ్లు," అంది నోరీన్.

"గుడ్లు చేస్తూనే ఉన్నానమ్మా. చెవులు ఖాళీగా ఉన్నాయి, వింటున్నాను."

ఓపల్ కూర్చున్న కుర్చీకి పైన గోడ మీద ఎర్ర ఫోను ఉంది. దాని పక్కనే పావలా కాసంత నల్ల బటన్. కౌంటీ వాళ్ళు తీగలు కోసి ఏడాది దాటింది. గోడకు మచ్చ పడుతుందని ఓపల్ వాటిని తీయనివ్వలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో ఎక్కడ నిప్పు లేచినా ఈ ఫోను మోగేది. ఊరి అగ్నిమాపక దళంలో ఉన్నవాళ్ళ ఇళ్ళు కొన్నింటిలో ఒకేసారి మోగేది, కానీ అందరికన్నా ముందు ఎత్తేది ఓపలే. "హఫ్ వాళ్ళ గడ్డివాము," అని పెట్టేసేవారు. "వంతెన దాటాక చిన్నక్క ఇల్లు," అని పెట్టేసేవారు. ఆమె బటన్ నొక్కితే కొండకింద సైరన్ లేచేది. దళానికి చీఫ్ అయిన ఆమె భర్త డెల్బర్ట్ తినే కంచం వదిలేసి, ప్యాంటు పట్టీలు భుజాల మీదికి లాక్కుంటూ పరిగెత్తేవాడు. ఎక్కడ అని ఆమె ఎవరినీ అడిగి ఎరగదు. అడగవలసిన అవసరం ఆ ఊళ్ళో ఎవరికీ రాలేదు.

తర్వాత కౌంటీ అన్ని ఊళ్ళ దళాలనూ కలిపేసింది. పిలుపులన్నీ పట్నంలో ఒకే చోటికి వెళ్ళేలా చేసింది. ఊరి ఫైరింజను కొండ దిగి వెళ్ళిపోయింది. నోరీన్‌కి అక్కడే ఫోన్లెత్తే ఉద్యోగం దొరికింది. తండ్రి సంతోషించాడు. "మన ఇంట్లో పనే, కుర్చీ మారిందంతే," అన్నాడు.

"స్టేషన్‌లో లూథర్‌తో మాట్లాడాను," అన్నాడు వేడ్. "ఇవాళ అంత్యక్రియల్లో ఆఖరి పిలుపు కౌంటీ రేడియోలోనే వస్తుందట. ఇంకో దారి లేదట. నాన్న పేరు వాళ్ళ నోటితో పిలుస్తారట. ఇంటికి దారి తెలియనివాళ్ళకి పేరెందుకు?"

"నువ్వు అనుకున్నట్టు కాదు. తనే అడిగింది. ఇవాళ సెలవైనా వస్తాను, నేనే పిలుస్తాను అని..."

నోరీన్ ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ కాలిన వాసన వచ్చింది.

"అంటే ఆ పిల్లేనా?" అన్నాడు వేడ్ నెమ్మదిగా. "ఇవాళ పిలవబోయేది ఆ పిల్లేనా?"

నోరీన్ గౌను ఎత్తి చూసింది. లోపలి మడత దగ్గర గోధుమరంగు మరక. బయటికి కనపడదు.

"కెండ్రా," అంది హెట్టీ, గుడ్ల మీద మిరపపొడి చల్లుతూ. "పెట్రోలు బంకులో అందరూ అనుకుంటున్నారు. కెండ్రా అట. మిల్ బాటమ్ పిల్ల. వాళ్ళమ్మ మన చర్చి పక్కనున్న బడిలోనే వండేది."

వేడ్ టై మెడకు వేసుకున్నాడు. "చాలు పిన్నీ. నా వంతు వచ్చినప్పుడు మాట్లాడతాను. ఆ గొంతు వినిపించేలోగా ఊరందరి ముందూ చెప్తాను. సోమవారం కౌంటీ ఆఫీసు ముందు కూర్చుంటాం. ఆ పిల్ల ఆ కుర్చీలో ఇక కూర్చోదు."

ఓపల్ లేచింది.

"గుడ్లు తెస్తాను," అంది.

"ఉన్నాయి కదే, పళ్ళెం నిండా," అంది హెట్టీ.

ఓపల్ అప్పటికే వాకిలి దాటింది.

*

నోరీన్ వెళ్ళేసరికి తల్లి కోళ్ళగూటి ముందు నిలబడి ఉంది. చేతిలో బుట్ట లేదు.

గూటి అడుగున ఎప్పుడో కోళ్ళ కోసం వచ్చిన రకూన్ కొరికిన కంతకు ఒక రేకు అడ్డంగా కొట్టి ఉంది. ఆకుపచ్చ రేకు మీద తెల్లటి అంకెలు. ఇంటింటికీ కౌంటీ ఇచ్చిన నంబరు పలక అది. ఉత్తరాల పెట్టె దగ్గర, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడేలా కొట్టమన్నారు.

డెల్బర్ట్ సుత్తి పట్టుకుని వెళ్ళాడు కూడా. "ఆ అంకెలు నా గుమ్మంలో వద్దు," అంది ఓపల్ ఆ రోజు. "మన ఇల్లు తెలియనివాడు మన ఇంటికి రానక్కర్లేదు." ఆయన కాసేపు పెట్టె దగ్గరే నిలబడి, వెనక్కి వచ్చి, దాన్ని ఈ కంతకు కొట్టాడు. "సరేలే. ఇకనుంచి ఉత్తరాలన్నీ కోళ్ళకే వస్తాయి," అన్నాడు. ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

ఇప్పుడు ఓపల్ ఆ పలక వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"అమ్మా," అంది నోరీన్. "నాకు తెలుసు."

ఓపల్ పెదవులు ఆగాయి.

"కెండ్రా చెప్పింది. నాకొక్కదానికే చెప్పింది. నంబరెంతమ్మా అని అడిగితే, అందరికీ తెలుసు అన్నావట. హఫ్ కొట్టు తగలబడిన చోటికి పైన అన్నావట. అక్రోటు చెట్టు కొట్టేసిన దగ్గర మలుపు అన్నావట. అమ్మా, ఆ కొట్టు తగలబడేనాటికి కెండ్రా పుట్టనే లేదు. ఆ చెట్టు నేనే చూడలేదు."

"మీ నాన్నకు ఆ చెట్టంటే ఇష్టం," అంది ఓపల్.

"నువ్వు చేసింది నాన్న జేబులోని సెల్ ఫోనుతో. అది గట్టు అవతలి టవరు చూపించింది. తన దగ్గరున్న ఆనవాలు అదొక్కటే. అటు పంపింది. ఇంకేం చేస్తుంది?"

ఒక కోడి వచ్చి ఓపల్ బూటు పొడిచి చూసి, ఏమీ లేదని వెళ్ళిపోయింది.

"ముందు బటన్ నొక్కాను," అంది ఓపల్.

"ఏ బటన్?"

"వంటింట్లోది."

నోరీన్‌కి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన పడ్డాడు. పరుగున ఇంట్లోకి వెళ్ళి బటన్ నొక్కి, వచ్చి వాకిట్లో నిలబడ్డాను. సైరన్ లేస్తుంది, లూథర్ వస్తాడు, కుర్రాళ్ళొస్తారు అని చూస్తున్నాను. కొండకింద కుక్కలు కూడా అరవలేదు. అప్పుడు గుర్తొచ్చింది తీగలు కోశారని. అప్పుడు మళ్ళీ పాదుల్లోకి పరిగెత్తాను. అప్పుడు ఆయన జేబులో ఫోను తీశాను."

"అమ్మా..."

"ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. నన్నడక్కు."

నోరీన్ తల్లి భుజం మీద చేయి వేయబోయింది. ఓపల్ పక్కకు జరిగింది. విసురుగా కాదు. వేడి గిన్నె దగ్గర్నుంచి జరిగినట్టు జరిగింది.

"అంబులెన్సు నేరుగా వచ్చుంటే బతికేవాడా?"

నోరీన్ అబద్ధం చెప్పడానికి చూసింది. పగలంతా, రాత్రంతా పరాయివాళ్ళకు ధైర్యం చెప్పే ఉద్యోగం ఆమెది. "తెలీదమ్మా," అంది చివరికి.

"తెలీదు," అంది ఓపల్. "అంతే కదా. ఇక నేను చచ్చేదాకా తెలీదు."

"వేడ్‌కి చెప్పు. నిన్న కెండ్రా కారు అద్దం ఎవరో పగలగొట్టారు. వాళ్ళమ్మ కొట్టుకెళితే సరుకులివ్వకుండా మొహం తిప్పుకున్నారు. వాడు ఇవాళ లేచి మాట్లాడితే ఇక ఆ పిల్ల ఈ చుట్టుపక్కల బతకలేదు. నేను చెప్తే నమ్మడు. కౌంటీ మనిషంటాడు. నువ్వే చెప్పాలి."

"ఇవాళ కాదు."

"ఇవాళే మాట్లాడతాడమ్మా వాడు."

"ఇవాళ నన్ను ఆయన పెళ్ళాంగా కూర్చోనీ, నోరీన్. ఈ ఒక్క పూట. రేపటినుంచి ఎలాగూ ఆయన్ని చంపినదాన్నే."

ఇంటి వరండాలోంచి వేడ్ పిలిచాడు. బండి సిద్ధంగా ఉందన్నాడు.

"అలాగైతే నేను చెప్తాను," అంది నోరీన్. "వాడు నోరు తెరిస్తే నేను లేచి చెప్తాను."

ఓపల్ కూతురి మొహంలోకి చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. "నువ్వు చెప్పవు," అంది. "నీకు మీ నాన్న మెత్తదనం వచ్చింది."

మళ్ళీ ఒకసారి పలక వైపు చూసి, ఇంటివైపు నడిచింది.

*

పాత ఫైర్ స్టేషన్‌లో ఇంజను నిలబడే చోట నేల మీద నూనె మరక ఎన్నిసార్లు కడిగినా పోలేదు. శవపేటిక సరిగ్గా ఆ మరక మీద పెట్టారు. ఇంజను ఉండాల్సిన చోట చీఫ్ ఉన్నాడని ఎవరో అన్నారు. పేటిక మీద డెల్బర్ట్ తెల్ల హెల్మెట్. గోడ వెంట బల్లల మీద హ్యామ్, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల గిన్నెలు, పైలు, హెట్టీ గుడ్లు. మూతలు ఎవరూ తీయలేదు.

స్లేట్ ఫోర్క్ వాళ్ళంతా వచ్చారు. గట్టు అవతలి నుంచీ, మిల్ బాటమ్ నుంచీ కూడా వచ్చారు. ఆ ఊళ్ళలోనూ స్టేషన్లు మూసేశారు. అందుకే వచ్చినవాళ్ళ మొహాల్లో దుఃఖంతో పాటు కోపమూ ఉంది.

పాస్టరు ప్రార్థన ముగించి, కుటుంబంలో ఎవరైనా మాట్లాడతారా అన్నాడు. వేడ్ లేచాడు.

"మా నాన్న ఈ ఊళ్ళో ప్రతి గుమ్మమూ చీకట్లో కూడా గుర్తుపట్టేవాడు," అన్నాడు. "ఒకసారి హెట్టీ పిన్ని వంటింట్లో పొగ లేస్తే గొట్టం పట్టుకుని వెళ్ళి, పొయ్యి మీద మాడింది రొట్టే అని తెలిశాక, కూర్చుని ఆ రొట్టె తిని వచ్చాడు."

"సగమే తిన్నాడు," అంది హెట్టీ. జనం నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"అలాంటివాడు తన పెరట్లో పడిపోతే, ఎవ్వరూ రాలేదు," అన్నాడు వేడ్. నవ్వు ఆగిపోయింది. "అమ్మ పిలిచింది. బతిమాలింది. పట్నంలో కూర్చున్న ఒక పిల్ల, కెండ్రా అట, బండిని గట్టు అవతలికి పంపింది. మా నాన్న ఆకాశం చూస్తూ పోయాడు. ఇప్పుడు కాసేపట్లో ఆ రేడియోలో ఆయన్ని పిలిచేది కూడా ఆ పిల్లే. వినండి. వినాలనుంటే వినండి. సోమవారం మాతో ఎవరొస్తారో చెప్పండి."

"నేనొస్తాను," అన్నారు వెనకనుంచి. "మేమూ," అన్నారు. కుర్చీలు కదిలాయి.

నోరీన్ లేచింది. లేచి నిలబడింది. అందరూ ఆమె వైపు చూశారు. నోరు తెరిచి తల్లి వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది. పక్కన తల్లి చేయి ఆమె మోకాలి మీద పడింది. ఒత్తి, తీసేసుకుంది.

"ఆ రేడియో కట్టేయవయ్యా లూథర్," అన్నారెవరో.

డెల్బర్ట్ తర్వాత చీఫ్‌గా ఉన్న లూథర్ బల్ల మీది రేడియో వైపు చేయి చాచి, ఎటూ తోచక ఓపల్ వైపు చూశాడు. "మిస్ ఓపల్, మీరెలా అంటే అలా."

"ఉండనీ," అంది ఓపల్.

రేడియో గరగరమంది. తర్వాత గొంతు వచ్చింది. చిన్న గొంతు. గట్టిగా ఉండాలని ఊపిరి బిగబట్టిన గొంతు.

"కౌంటీ నుంచి స్లేట్ ఫోర్క్ చీఫ్ డెల్బర్ట్ పౌలీకి. జవాబివ్వండి."

ఈ పిలుపుకు జవాబు ఉండదు. జవాబు రాకపోవడమే ఆ మర్యాద. పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచి, ఆగి, మూడోసారి కూడా పలుకు లేకపోతే, ఆ మనిషి పని ముగించి ఇంటికి వెళ్ళాడని రేడియో చెబుతుంది. లూథర్ చేతిలో గంట సిద్ధంగా ఉంది.

"కౌంటీ నుంచి చీఫ్ డెల్బర్ట్ పౌలీకి. జవాబివ్వండి."

ఓపల్ లేచింది. తట్టుకోలేక లేచిందనుకుని ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకోబోయారు. ఆమె వాళ్ళను దాటి, పేటికను దాటి, బల్ల దగ్గరికి వెళ్ళింది.

"కౌంటీ నుంచి..." గొంతు ఒక్క క్షణం తడబడింది. "చీఫ్ డెల్బర్ట్ పౌలీకి. జవాబివ్వండి."

ఓపల్ మైకు చేతిలోకి తీసుకుంది. లూథర్ వద్దనబోయాడు. ఆమె బొటనవేలు బటన్ మీద పడింది. ఆ వేలికి ఆ పని అలవాటే.

"నాలుగు వందల పదిహేడు," అంది ఓపల్. "స్లేట్ ఫోర్క్ రోడ్డు."

వేలు తీసింది.

రేడియో ఊరకే గరగరలాడింది. ఎవరు ఏ చిరునామా చెప్పినా అది తిరిగి చెప్పి సరిచూసుకోవడం అక్కడి పద్ధతి. ఆ పద్ధతే ఆ పిల్లను నిలబెట్టింది కాబోలు.

"నాలుగు వందల పదిహేడు," అంది కెండ్రా. "స్లేట్ ఫోర్క్ రోడ్డు. అర్థమైందమ్మా."

ఓపల్ మళ్ళీ నొక్కింది. "ఇది ఆ రోజే చెప్పాల్సింది నేను. నువ్వు అడిగావు. అడుగుతూనే ఉన్నావు. అందరికీ తెలుసన్నాను. నీ తప్పేం లేదు, తల్లీ."

"అమ్మా," అన్నాడు వేడ్. పేటిక పక్కనుంచి రెండడుగులు వేసి ఆగాడు. పెద్దమనిషి గొంతు కాదది. "అప్పటికి నాన్న మాట్లాడుతున్నాడా?"

ఓపల్ వేలు బటన్ మీదే ఉంది. ఆ మాట కౌంటీలో ప్రతి బండిలోనూ, ప్రతి స్టేషన్‌లోనూ వినపడుతోందని లూథర్‌కు తెలుసు. ఆమె చేతిలోంచి మైకు తీసుకోవడానికి మాత్రం అతనికి చేయి రాలేదు.

"మాట్లాడుతున్నాడు," అంది ఓపల్. "నంబరు చెప్పవే అన్నాడు. అంతవరకే ఊపిరి ఉంది ఆయనకి."

పేటిక మీది తెల్ల హెల్మెట్ వైపు చూసింది.

"నాకు రాదురా. ఎప్పుడూ చదవలేదు దాన్ని. ఇవాళ పొద్దున చదివాను."

వేడ్ తల్లిని చూడలేదు. చెల్లెలి వైపు తిరిగాడు. "నీకు తెలుసు," అన్నాడు.

నోరీన్ తలూపింది.

అతను టై విప్పి, మడిచి, తండ్రి హెల్మెట్ పక్కన పెట్టాడు. జనం దారి ఇచ్చారు. తలుపు తెరుచుకుంది. బయట ట్రక్కు రెండుసార్లు దగ్గి, లేచి, వెళ్ళిపోయింది. పైల బల్ల దగ్గర హెట్టీ తన పళ్ళెం మీది మూతను ఊరికే సర్దుతోంది.

లూథర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "మిస్ ఓపల్, పొద్దెక్కుతోంది. పేటిక ఎత్తాలి. తల వైపు కుడి పక్క వేడ్‌ది. వేరేవాళ్ళను నిలబెట్టనా?"

"వద్దు."

"నేను పట్టుకుంటాను," అంది నోరీన్.

"వద్దు," అంది ఓపల్. "ఆ తలుపులు బార్లా తెరవండి."

ఇంజను బయటికి వెళ్ళే పెద్ద తలుపులు పైకెత్తారు. కొండ రోడ్డు మలుపు దాకా కనపడింది. ఖాళీగా ఉంది. ఓపల్ కుర్చీ తెచ్చుకుని పేటిక పక్కన, తల వైపు కుడి పక్క వేసుకుని కూర్చుంది. ఊరంతా ఆమె వెనక నిలబడింది.

బల్ల మీద రేడియో ఇంకా తెరిచే ఉంది. అవతల ఆ పిల్ల కూడా కట్టేయలేదు.

వేడ్ బండి చప్పుడు కోసం ఓపల్ రోడ్డు మీద చెవి వేసి వింటోంది, ఆ రోజు పాదుల మధ్య ఆయన తల ఒడిలో పెట్టుకుని విన్నట్టే.